ఆన్‌రోడ్ మొత్తం మీద బేరం ఆడకండి: సెలవులో వచ్చి తిరుపతిలో కొత్త కారు కొనేవాళ్ళకు

నమస్తే. అమెరికాలోనో కువైట్‌లోనో ఉంటూ, సెలవుకు ఊరికొచ్చి, అమ్మానాయనకు కొత్త కారు కొనిపెట్టి పోదామనుకునే వాళ్ళ కోసం ఈ వీడియో. ఏ కారు మంచిది, ఏ వేరియంట్ తీసుకోవాలి అనే సంగతి ఇందులో ఉండదు. అది మీరు ఈపాటికే తేల్చుకుని ఉంటారు. షోరూమ్‌లో కూర్చున్నాక బేరం ఎక్కడ మొదలుపెట్టాలి, అదొక్కటే మాట్లాడతా.

"ఆన్‌రోడ్ మొత్తానికి ఎంత తగ్గిస్తారు?" రేణిగుంట రోడ్డులో ఏ షోరూమ్‌కు పోయినా బయటి దేశం నుంచి వచ్చినవాళ్ళు ముందుగా అడిగేది ఇదే. ఆన్‌రోడ్ అంటే ట్యాక్సులు, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి కారు రోడ్డెక్కడానికి మీరు కట్టే మొత్తం. ఈ ప్రశ్నతోనే డబ్బు పోతోంది. చూస్తూ ఊరుకోలేక చెప్తున్నా.

ఈ అలవాటు ఎక్కడిదో కూడా తెలుసు. అమెరికాలో కారు కొనేటప్పుడు "అవుట్ ది డోర్ ప్రైస్", అంటే అన్నీ కలిపిన చివరి ధర మీదే మాట్లాడు, విడివిడి లెక్కల్లోకి పోవద్దు అని అందరూ చెప్తారు. అక్కడికి అది సరైన సలహానే. ఎందుకంటే అక్కడ ఇన్సూరెన్స్ మీరు వేరే తీసుకుంటారు, డీలర్ బిల్లులో అది ఉండదు. మన దగ్గర ఆన్‌రోడ్ మొత్తంలో ఇన్సూరెన్స్ కలిసే ఉంటుంది. యాక్సెసరీలు, హ్యాండ్లింగ్, ఎక్స్‌టెండెడ్ వారంటీ కూడా అందులోనే. డీలర్ ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకునే చోట్లన్నీ ఆ ఒక్క అంకె లోపలే ఉన్నాయి.

మన చిత్తూరు వైపు తోతాపురి అమ్మే రైతును తల్చుకోండి. మండీకి లోడు తోలాడు. వ్యాపారి అంటాడు, "నీకోసం టన్నుకు 500 ఎక్కువేస్తాలే." తెలిసిన రైతు ఆ మాటకు లొంగడు. "తరుగు ఎంత తీస్తావు? కమీషన్ ఎంత? హమాలీ ఎవరిది?" అని అడుగుతాడు. టన్ను మీద 500 ఎక్కువేసి, తరుగు పేరుతో తూకంలో ఇంకో యాభై కిలోలు కోసేస్తే రైతుకు మిగిలేది ఏమీ లేదు. అందుకే చీటీలో ప్రతి వరుసా చూస్తాడు. షోరూమ్‌లో ఇచ్చే ప్రొఫార్మా, అంటే ధరల కొటేషన్ కాగితం, అదీ మండీ చీటీనే. పైన కనిపించే డిస్కౌంట్ ఆ 500. కింద ఉన్న వరుసలన్నీ తరుగు.

[స్క్రీన్ మీద: ఉదాహరణ లెక్క]

లెక్క కోసం 11 లక్షల ఎక్స్‌షోరూమ్ కారు అనుకుందాం. ఎక్స్‌షోరూమ్ అంటే రోడ్డు ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలపకముందు ధర. అంకెలు ఉదాహరణకే. మీరు గట్టిగా అడిగి 30,000 తగ్గించుకున్నారు. ఇంట్లో అందరికీ సంతోషం. ఇప్పుడు కింది వరుసలకు రండి. ఇన్సూరెన్స్ 58,000 వేశారు. అదే కవర్, అదే ఐడీవీ (ఇదేమిటో తర్వాత చెప్తా) బయట 41,000కు దొరుకుతోంది. 17,000 పోయింది. హ్యాండ్లింగ్ అని 6,000. బేసిక్ కిట్ అని మ్యాట్లు, మడ్‌ఫ్లాపులు, కవరు కలిపి 12,000. బయట 5,000కు వచ్చే సామాను, అంటే 7,000 పోయింది. 17, 6, 7 కూడితే 30,000. మీరు తెచ్చుకున్న డిస్కౌంట్ మొత్తం తరుగులో పోయింది.

అందుకే మొదటి పని: ప్రొఫార్మా వరుస వరుసగా విడగొట్టించి రాయించుకోండి. ఎక్స్‌షోరూమ్, లైఫ్ ట్యాక్స్ (ఒకేసారి కట్టే రోడ్డు ట్యాక్స్), రిజిస్ట్రేషన్ ఫీజు, టీసీఎస్ (దీని సంగతి చివర్లో చెప్తా), ఇన్సూరెన్స్, ఫాస్టాగ్, యాక్సెసరీలు, వారంటీ, ఏది ఎంతో. "సార్, ఫైనల్‌గా ఎంతకైతే ఇప్పుడే బుక్ చేస్తారో చెప్పండి" అని సేల్స్‌మన్ అడుగుతాడు. అంకె చెప్పకండి. "ముందు విడివిడిగా రాసివ్వన్నా, తర్వాత మాట్లాడదాం" అనండి. మర్యాదగానే అనండి. ఆ అబ్బాయికి నెలవారీ టార్గెట్ ఉంటుంది, అతనితో గొడవెందుకు.

ఇప్పుడు ఏ వరుస కదులుతుంది, ఏది కదలదు. ఎక్స్‌షోరూమ్‌లో జీఎస్టీ లోపలే ఉంటుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవుండి, పెట్రోల్ అయితే 1200 సీసీ లోపు, డీజిల్ అయితే 1500 సీసీ లోపు ఇంజిన్ ఉన్న కార్లకు 18 శాతం, అంతకంటే పెద్దవాటికి 40 శాతం, ఎలక్ట్రిక్‌కు 5 శాతం. ఎన్నారైకి ఇందులో మినహాయింపూ లేదు, అదనపు భారమూ లేదు. "ఎన్నారై కోటాలో ఇప్పిస్తా" అని ఎవరైనా అంటే అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి. లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు ప్రభుత్వానివి, వాటి మీద బేరం లేదు. కానీ రసీదు అడగండి. ప్రొఫార్మాలో వేసిన అంకె, రవాణా శాఖ రసీదులో పడిన అంకె ఒకటే కావాలి. హ్యాండ్లింగ్ అనే వరుసకు ఏ ప్రభుత్వ రసీదూ రాదు. కొట్టేయమని అడగండి. చాలాసార్లు అడిగిన వెంటనే కొట్టేస్తారు.

ఇన్సూరెన్స్ దగ్గర కాసేపు ఆగుదాం, డబ్బంతా ఇక్కడే ఉంది. కొత్త కారుకు థర్డ్ పార్టీ, అంటే మన కారు వల్ల ఎదుటివాళ్ళకు జరిగే నష్టానికి ఇన్సూరెన్స్, మూడేళ్ళకు ఒకేసారి తీసుకోవడం 2018 సెప్టెంబర్ నుంచి తప్పనిసరి. దాని ప్రీమియం ప్రభుత్వం నిర్ణయించేది, ఇంజిన్ సైజును బట్టి ఏ కంపెనీలోనైనా ఒకటే. కాబట్టి తేడా వచ్చేది ఓన్ డ్యామేజ్‌లోనూ (మన కారుకు జరిగే నష్టానికి కవర్) యాడ్-ఆన్‌లలోనూ (పైన తీసుకునే అదనపు కవర్లు). డీలర్ దగ్గరే తీసుకోవాలన్న రూలు లేదు. రెండు మూడు కంపెనీల వెబ్‌సైట్లలో అదే కవర్‌కు కొటేషన్ తీసి, ఫోన్‌లో చూపించండి. సగం తేడా అక్కడికక్కడే దిగుతుంది.

పోల్చేటప్పుడు ఒక మెలిక ఉంది. ఐడీవీ. అంటే కారు పోతేనో పూర్తిగా దెబ్బతింటేనో కంపెనీ ఇచ్చే మొత్తం. కొత్త కారుకు ఎక్స్‌షోరూమ్‌లో 5 శాతం తీసేసి పెట్టాలి. మన 11 లక్షల కారుకు 10,45,000. ప్రీమియం తక్కువ చేసి చూపించడానికి ఐడీవీని తొమ్మిదిన్నర లక్షలకు దించేస్తారు. మీరేమో "అబ్బా, తగ్గించారే" అనుకుంటారు. మండీలో కాటా మార్చి రేటు పెంచినట్టే ఇది. రెండు కొటేషన్లలో ఐడీవీ ఒకటేనా, జీరో డెప్ (క్లెయిమ్‌లో విడిభాగాల పాతదనానికి కోత పెట్టని కవర్) రెండిట్లోనూ ఉందా, ఇంజిన్ ప్రొటెక్ట్ (ఇంజిన్ దెబ్బతింటే కవర్) ఉందా చూసి అప్పుడు పోల్చండి.

"బయట పాలసీ తీసుకుంటే మా వర్క్‌షాప్‌లో క్యాష్‌లెస్ రాదు సార్" అంటారు. క్యాష్‌లెస్, అంటే రిపేరు బిల్లు కంపెనీయే నేరుగా వర్క్‌షాప్‌కు కట్టడం. అది ఆ ఇన్సూరెన్స్ కంపెనీకీ ఆ వర్క్‌షాప్‌కూ ఒప్పందం ఉందా లేదా అన్నదాని మీద ఉంటుంది, పాలసీ ఎవరమ్మారన్న దాని మీద కాదు. కంపెనీ సైట్‌లో తిరుపతి గ్యారేజీల జాబితా చూసుకోండి. ఇంకోటి అంటారు, "ఇన్సూరెన్స్ ఇక్కడ తీసుకుంటేనే డిస్కౌంట్." అప్పుడు కోపం వద్దు, లెక్క వేయండి. డిస్కౌంట్ 30,000, ఇన్సూరెన్స్‌లో ఎక్కువ పడేది 17,000 అయితే, వాళ్ళ దగ్గర తీసుకున్నా మీకు 13,000 మిగులు. తెలిసి ఒప్పుకోండి, తెలియక కాదు.

కారు ఎవరి పేరు మీద? వాడేది నాయన అయితే నాయన పేరు మీదే మేలు అని నా అభిప్రాయం. రిజిస్ట్రేషన్‌కు ఇక్కడి చిరునామా ఆధారం కావాలి. ఓటీపీలకు ఆధార్‌కు లింకైన ఇండియా నంబర్ పనిచేస్తుండాలి. మీది ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. పాన్ తప్పనిసరి. అన్నిటికంటే ముఖ్యం, నాయనకు పాత కారు ఉండి, దాని మీద నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ, క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) ఉంటే, అది ఆయన పేరు మీద కొనే కొత్త కారుకే వస్తుంది, కొడుకు పేరు మీద కొంటే రాదు. ఐదేళ్ళు క్లెయిమ్ లేకుంటే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 50 శాతం తగ్గుతుంది. పాత కారు అమ్మగానే ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఎన్‌సీబీ లెటర్ తీసుకోండి, మూడేళ్ళు చెల్లుతుంది. ఈ మాట షోరూమ్‌లో ఎవరూ తమంతట తాము చెప్పరు.

ఇక మీరు నోరు జారకూడని విషయాలు. ఒకటి, తిరుగు టికెట్ తేదీ. రెండోది, ముహూర్తం. కాణిపాకంలోనో అలిపిరిలోనో వాహన పూజకు శుక్రవారం అనుకున్నారనుకోండి, ఆ సంగతి బేరం అయ్యేదాకా ఇంట్లోనే ఉండనివ్వండి. మామిడి రైతుకు తొందర ఉందని తెలిస్తే మండీలో రేటు ఎట్లా పడుతుందో మీకు చెప్పాల్సిన పని లేదు. షోరూమ్‌కు నాయన ఒక్కరే ముందు పోయి కొటేషన్ తెచ్చినా మంచిదే. మూడోది నోటితో కాదు, మనసులో చేసే తప్పు: ధరను డాలర్లలోకి, దినార్లలోకి మార్చుకోవడం. "పోనీలే, వంద డాలర్లేగా" అని వదిలేసే ప్రతి వరుసా వాళ్ళకు తెలుసు.

విమానం ఎక్కకముందే పని మొదలుపెట్టండి. అదే కంపెనీవి, వేరే యజమానులవి రెండు షోరూమ్‌లు, తిరుపతిలో ఒకటి, చిత్తూరులోనో నెల్లూరులోనో ఇంకోటి, వాట్సాప్‌లో విడివిడి కొటేషన్ అడగండి. మూడూ మన రాష్ట్రమే, ట్యాక్స్ లెక్క ఒకటే, కాబట్టి పోల్చుకోవచ్చు. చెన్నై, బెంగళూరు, వేలూరు ఆన్‌రోడ్ ధరలు చూపించి ఇక్కడ అడగకండి. అక్కడి రోడ్డు ట్యాక్స్ వేరు. కారు ఉండేది ఇక్కడ కాబట్టి ఇక్కడి లైఫ్ ట్యాక్సే కట్టాలి. నెల చివరి వారం, ఆషాఢం, డిసెంబర్‌లో డీలర్ మెత్తబడతాడు. దసరా, ధనత్రయోదశి ముందు మెత్తబడడు. వెయిటింగ్ ఉన్న మోడల్ అయితే డిస్కౌంట్ ఆశ వదిలేసి, ఇన్సూరెన్స్, కిట్ మీదే పట్టుబట్టండి.

డిసెంబర్ అంటే గుర్తొచ్చింది, తయారైన నెల, సంవత్సరం ప్రొఫార్మాలోనే రాయించుకోండి. జనవరిలో పోయిన ఏడాది కారు ఇస్తుంటే అమ్మేటప్పుడు ఏడాది పాతదిగానే లెక్కేస్తారు. దానికి వేరే తగ్గింపు అడగాలి, మామూలు డిస్కౌంట్‌లో కలపనివ్వకండి.

టైం అయిపోతోంది, మిగిలినవి గబగబా చెప్తా.

బుకింగ్ ఫారం వెనక చిన్న అక్షరాలు చదవండి. "డెలివరీ రోజు ధర వర్తిస్తుంది" అని ఉంటుంది. రద్దు చేస్తే ఎంత కోస్తారో అక్కడే ఉంటుంది.

డబ్బు ఎన్‌ఆర్‌ఈ లేదా ఎన్‌ఆర్‌ఓ ఖాతా నుంచి, ప్రొఫార్మా మీద ఉన్న కంపెనీ ఖాతాకే. సేల్స్‌మన్ సొంత యూపీఐకి ఒక్క రూపాయి వద్దు. 2 లక్షలు, ఆపైన నగదు వాళ్ళు తీసుకోకూడదు, చట్టం ఒప్పుకోదు.

లోన్ అయితే ఈఎంఐ తక్కువ చూసి మోసపోకండి. 8 లక్షలు, 9 శాతం వడ్డీ, ఐదేళ్ళకు నెలకు 16,607. ఏడేళ్ళకు 12,871. వడ్డీ మొత్తం చూస్తే ఐదేళ్ళకు సుమారు 1.96 లక్షలు, ఏడేళ్ళకు 2.81 లక్షలు. షోరూమ్ ఫైనాన్స్ డెస్క్ కంటే ముందు మీ బ్యాంకును అడగండి.

కారును పూర్తి డబ్బు కట్టకముందు, టెంపరరీ రిజిస్ట్రేషన్ కాకముందు, పగటి వెలుతురులో చూడండి. రిజిస్ట్రేషన్ అయిపోతే ఇంకో కారు మార్చివ్వరు. 17 అక్షరాల ఛాసిస్ నంబర్ కాగితంతో సరిపోవాలి. ఓడోమీటర్ చూడండి. టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది, 3525 అంటే 2025లో 35వ వారం. ఐదూ, స్టెప్నీతో సహా, చూడండి. డోర్ల అంచుల్లో, డిక్కీ లోపల రంగు తేడా ఉందేమో చూడండి.

క్రాష్ గార్డ్ (బంపర్ ముందు బిగించే ఇనుప చట్రం) ఫ్రీగా వేస్తామన్నా వద్దనండి, 2017 నుంచి కేంద్రం వాటిని అనుమతించడం లేదు.

తీసుకోవాల్సిన కాగితాలు: ట్యాక్స్ ఇన్వాయిస్, ఫారం 21 (అమ్మకం సర్టిఫికెట్), ఫారం 22 (బండి రోడ్డుకు పనికొస్తుందన్న తయారీ కంపెనీ సర్టిఫికెట్), ఇన్సూరెన్స్ పాలసీ, లైఫ్ ట్యాక్స్ రసీదు, టెంపరరీ రిజిస్ట్రేషన్, రెండు తాళాలు.

చివరగా టీసీఎస్, అంటే అమ్మేటప్పుడే డీలర్ వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే పన్ను. కారు ధర 10 లక్షలు దాటితే 1 శాతం, మన లెక్కలో 11,000. ఇది ఖర్చు కాదు, ముందే కట్టిన ఆదాయపు పన్ను. డీలర్ జమ చేశాక ఇన్‌కం ట్యాక్స్ పోర్టల్‌లో పాన్ కింద కనిపించాలి, కనిపించకపోతే డీలర్‌ను అడగండి. డబ్బు మీ ఖాతా నుంచి పోయినా, కారు నాయన పేరు మీద ఉంటే ఆ 11,000 నాయన పాన్‌లోనే పడుతుంది. రిటర్న్ ఆయన పేరు మీద వేసి అడగండి. ఆయనకు కట్టాల్సిన పన్ను లేకపోతే అది మొత్తం ఆయన బ్యాంకు ఖాతాకు తిరిగి వస్తుంది.