గెలుపే సాక్ష్యమైంది: ఒబామా ఎన్నిక తర్వాత నల్లజాతి ఓటుకు ఏమైంది?

[స్క్రీన్ మీద: షికాగో, గ్రాంట్ పార్కు. 2008 నవంబర్ 4 రాత్రి. జనసముద్రం.]

నమస్కారం. ఈ ఫుటేజీ మీలో చాలామంది చూసే ఉంటారు. బరాక్ ఒబామా గెలిచిన రాత్రి ఇది. అందరూ స్టేజీ వైపు చూస్తున్నారు. మీరు మాత్రం ఒక్క నిమిషం జనంలో నిలబడ్డ ఈ పెద్దాయన్ని చూడండి.

[స్క్రీన్ మీద: జెస్సీ జాక్సన్ ముఖం, దగ్గరగా.]

ఈయన జెస్సీ జాక్సన్. మార్టిన్ లూథర్ కింగ్‌తో కలిసి పనిచేసిన మనిషి. 1968లో మెంఫిస్‌లో కింగ్‌ను కాల్చి చంపినప్పుడు అదే మోటల్లో ఉన్నారు. 1984లో ఒకసారి, 1988లో ఒకసారి అధ్యక్ష అభ్యర్థిత్వం కోసం తానే పోటీ చేశారు, దక్కలేదు. ఇరవయ్యేళ్ల తర్వాత ఆ రాత్రి ఆ పార్కులో నిలబడి కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆ ఏడుపులో సంతోషమెంతో, ఆ రోజు చూడకుండానే పోయినవాళ్ల జ్ఞాపకమెంతో మనం విడదీసి చెప్పలేం.

అధ్యక్షుణ్ని తేల్చేవి రాష్ట్రాలవారీగా ఉండే ఎలక్టోరల్ ఓట్లు, మొత్తం 538. వాటిలో ఒబామాకు 365 వచ్చాయి. ఆ వారమంతా అమెరికా టీవీల్లో ఒకటే మాట: పోస్ట్ రేషియల్ అమెరికా. అంటే ఒంటి రంగు గొడవ తీరిపోయిన దేశం అని.

మరి నిజంగా తీరిపోయిందా? అదే రాత్రి లెక్కలు చూద్దాం. ఎగ్జిట్ పోల్స్ ప్రకారం దేశం మొత్తమ్మీద తెల్లవాళ్లలో నూటికి 43 మంది ఒబామాకు ఓటేశారు. అలబామా రాష్ట్రంలో ఎంతమందో తెలుసా? నూటికి పదిమంది. ఎవరు ఎవరికైనా ఓటేసుకోవచ్చు, ఆ పదిమందిని పట్టుకుని మిగతా తొంభైమందినీ నేను నిందించను. కానీ ఒక రాష్ట్రంలో ఓట్లు ఇంత నిట్టనిలువుగా రంగును బట్టి చీలిపోతున్నాయంటే, అక్కడ వార్డు హద్దు రెండు వీధులు అటు జరిపితే చాలు, ఫలితం తారుమారవుతుంది. ఈ వీడియో అంతా ఆ రెండు వీధుల గురించే.

[స్క్రీన్ మీద: అలబామా మ్యాపు. షెల్బీ కౌంటీ. అందులో ఒక చుక్క: కలీరా.]

కౌంటీ అంటే మన జిల్లాలాంటిది. షెల్బీ కౌంటీలో కలీరా అనేది చిన్న ఊరు. అక్కడి పురపాలక మండలిలో ఒకే ఒక్క నల్లజాతి సభ్యుడు ఉండేవారు, పేరు ఎర్నెస్ట్ మాంట్‌గోమెరీ. ఊరు పెరిగింది, చుట్టుపక్కల కాలనీలు కలిశాయి, వార్డుల హద్దులు మార్చారు. ఆయన వార్డులో అంతకుముందు ఓటర్లలో దాదాపు 70 శాతం నల్లవాళ్లు ఉంటే, గీతలు మార్చాక ఆ సంఖ్య 30 శాతానికి పడిపోయింది. 2008 ఆగస్టులో ఎన్నిక జరిగింది. ఆయన రెండంటే రెండే ఓట్ల తేడాతో ఓడిపోయారు.

గ్రాంట్ పార్కులో ఆ సంబరానికి సరిగ్గా పది వారాల ముందు జరిగింది ఇది.

అయితే కథ అక్కడ ఆగలేదు. ఈ మార్పు ఒప్పుకోం అని కేంద్ర న్యాయశాఖ అడ్డం పడింది. అప్పుడున్నది ఒబామా ప్రభుత్వం కాదు, జార్జ్ బుష్‌ది. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరమవుతుంది. ఆ ఎన్నిక చెల్లలేదు. మళ్లీ ఎన్నిక పెట్టాల్సి వచ్చింది, మాంట్‌గోమెరీ 2009లో తిరిగి మండలిలోకి వచ్చారు.

ఒక చిన్న ఊరి వార్డు హద్దులో వాషింగ్టన్ ఎలా వేలు పెట్టగలిగింది? ఇది తెలియాలంటే 1965కి వెళ్లాలి.

[స్క్రీన్ మీద: సెల్మా, ఎడ్మండ్ పెట్టస్ వంతెన. నలుపు తెలుపు ఫుటేజీ.]

నిజానికి నల్లవాళ్లకు ఓటు హక్కు ఇస్తూ రాజ్యాంగ సవరణ వచ్చింది 1870లో. అదే ఏడాది మిసిసిపీ నుంచి ఒక నల్లజాతీయుడు, హైరమ్ రెవెల్స్, సెనేట్‌కు కూడా వెళ్లారు. అది నిలవలేదు. అంతర్యుద్ధం తర్వాత దక్షిణాదిలో ఉన్న ఉత్తరాది సైన్యం 1877లో వెనక్కి రాగానే ఒక్కొక్క తలుపూ మూసేశారు. ఓటు వేయాలంటే పన్ను కట్టు అన్నారు. చదువు పరీక్ష రాయి అన్నారు. రాజ్యాంగంలో ఒక భాగం ఇచ్చి అర్థం చెప్పమనేవాళ్లు. చెప్పింది సరైనదా కాదా తేల్చేది ఎదురుగా కూర్చున్న తెల్ల గుమాస్తా. 1965 నాటికి మిసిసిపీలో అర్హులైన నల్లవాళ్లలో ఓటర్ల జాబితాలో ఉన్నది 6.7 శాతం. సెల్మా ఉన్న కౌంటీలో అయితే నూటికి ఇద్దరు. ఆ కౌంటీ పేరు డల్లాస్. మనవాళ్లు ఉండే టెక్సాస్ డల్లాస్ కాదు, ఇది అలబామాది.

1965 మార్చి 7న ఓటు హక్కు కోసం సుమారు ఆరువందల మంది సెల్మాలోని ఆ వంతెన మీదుగా నడిచారు. ముందు వరుసలో ఇద్దరు: ఇరవై అయిదేళ్ల జాన్ లూయిస్, పక్కన హోసియా విలియమ్స్. వంతెన అవతల పోలీసులు లాఠీలతో, భాష్పవాయువుతో, గుర్రాల మీద వచ్చి విరుచుకుపడ్డారు. లూయిస్ పుర్రె పగిలింది. ఆ రాత్రే దేశమంతా టీవీలో చూసింది. ఆగస్టు 6న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఓటు హక్కు చట్టం మీద సంతకం పెట్టారు.

ఈ చట్టంలో గుండెకాయలాంటిది అయిదో సెక్షన్. దీన్ని కాస్త నెమ్మదిగా చెప్తాను, ఎందుకంటే అసలు విషయం ఇక్కడే ఉంది.

మామూలుగా ఒక అన్యాయమైన రూలు వస్తే ఏం చేస్తాం? కోర్టుకు వెళ్తాం. లాయరును పెట్టుకుంటాం. మూడేళ్లో నాలుగేళ్లో పడుతుంది. ఈలోగా రెండు ఎన్నికలు అయిపోతాయి. గెలిచినవాళ్లు కుర్చీల్లో కూర్చుంటారు. చివరికి తీర్పు మనవైపే వచ్చినా పోయిన ఎన్నిక తిరిగి రాదు. పైగా మీరు ఒక రూలు కొట్టేయిస్తే వాళ్లు ఇంకో రూలు తెస్తారు. మళ్లీ మొదటికి.

అయిదో సెక్షన్ దీన్ని తిరగేసింది. పాత రికార్డు బాగాలేని రాష్ట్రాలు, కౌంటీలు ఎన్నికలకు సంబంధించి ఏ చిన్న మార్పు చేయాలన్నా ముందే కేంద్ర న్యాయశాఖ దగ్గరో, వాషింగ్టన్‌లోని కోర్టులోనో అనుమతి తీసుకోవాలి. పోలింగ్ కేంద్రం ఒక బడి నుంచి ఇంకో బడికి మార్చాలన్నా సరే. ఈ మార్పు వల్ల ఎవరి ఓటుకూ నష్టం లేదు అని నిరూపించే బాధ్యత మార్పు చేసే ఆ రాష్ట్రానిది, ఆ కౌంటీది. ఓటరుది కాదు. ఇంటికి దొంగ వచ్చి వెళ్లాక ఫిర్యాదు ఇవ్వడానికీ, గుమ్మంలోనే కాపలా ఉండటానికీ ఉన్నంత తేడా.

కలీరాలో మాంట్‌గోమెరీ సీటును తిరిగి ఇప్పించింది ఆ కాపలాయే. దీన్ని 2006లో ఇంకో 25 ఏళ్లు పొడిగించారు కూడా. సెనేట్‌లో ఓట్లెన్నో చూడండి: 98–0. ఒక్కరు వ్యతిరేకించలేదు. సంతకం పెట్టింది రిపబ్లికన్ అయిన బుష్. అంటే అప్పటికి ఇది పార్టీల తగాదా కాదు.

మరి ఏం మారింది? 2008 మారింది.

[స్క్రీన్ మీద: అమెరికా సుప్రీంకోర్టు మెట్లు.]

2009లో టెక్సాస్ నుంచి ఈ సెక్షన్ మీద ఒక కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. వాదన ఏంటంటే, ఒబామాను ఎన్నుకున్న అమెరికా 1965 నాటి అమెరికా కాదు, ఇంకా ఈ కాపలా ఎందుకు అని. అప్పుడు కోర్టు చట్టాన్ని కొట్టేయలేదు గానీ అనుమానం మాత్రం గట్టిగానే వ్యక్తం చేసింది. మరుసటి ఏడాదే షెల్బీ కౌంటీ కేసు వేసింది. కలీరా ఉన్న షెల్బీ కౌంటీయే.

2013 జూన్ 25న తీర్పు వచ్చింది. అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు. ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ లెక్కలు చూపించారు. మిసిసిపీలో ఒకప్పుడు 6.7 శాతం అన్నాం కదా, 2004 నాటికి అది 76 శాతం. తెల్లవాళ్ల నమోదు కంటే ఎక్కువ. సెల్మాకు ఇప్పుడు నల్లజాతి మేయర్ ఉన్నారు అని కూడా రాశారు. ఆ లెక్కలు నిజమే, అబద్ధం ఒక్కటీ లేదు. 2012లో అయితే దేశం మొత్తమ్మీద పోలింగ్‌లో నల్లవాళ్లు తెల్లవాళ్లను దాటేశారు: 66.2 శాతం, 64.1 శాతం. దేశం మారింది కాబట్టి ఏ ప్రాంతాలకు కాపలా ఉండాలో తేల్చే పాత సూత్రం చెల్లదన్నారు. సూత్రం పోయాక అయిదో సెక్షన్ కాగితం మీద మిగిలింది, వర్తించే ఊరు లేకుండా పోయింది.

వ్యతిరేకించిన న్యాయమూర్తి రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ ఒక పోలిక చెప్పారు. వానలో నువ్వు తడవడం లేదని గొడుగు పారేయడం లాంటిది ఇది అని. మన దగ్గర ఏరు దాటాక తెప్ప తగలేశాడు అంటాం. ఇక్కడ ఏరు సగమే దాటారు. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. కలీరాలో చట్టం పనిచేసింది అనడానికి ఏదైతే రుజువో, దాన్నే చట్టం అక్కర్లేదు అనడానికి రుజువుగా వాడుకున్నారు. జాక్సన్ కన్నీళ్లు పెట్టుకున్న ఆ రాత్రిని కూడా.

తర్వాత ఏమైంది? తీర్పు వచ్చిన రోజే టెక్సాస్ తన కొత్త ఓటరు గుర్తింపు చట్టాన్ని అమల్లోకి తెస్తున్నామని ప్రకటించింది. నార్త్ కరోలినాలో రెండు నెలలు తిరగకుండానే పెద్ద చట్టం వచ్చింది. 2008లో ఒబామా ఆ రాష్ట్రాన్ని సుమారు 14 వేల ఓట్ల తేడాతో గెలిచారు. కొత్త చట్టం ముందస్తు పోలింగ్‌ను 17 రోజుల నుంచి 10కి తగ్గించింది. పోలింగ్ కేంద్రం దగ్గరే అప్పటికప్పుడు నమోదు చేసుకునే వీలు తీసేసింది. ఇవన్నీ నల్లవాళ్లు ఎక్కువగా వాడుకునే సౌకర్యాలు. ఎవరు ఏది వాడుతున్నారో జాతివారీ లెక్కలు తెప్పించుకున్నాకే బిల్లు రాశారని 2016లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు తేల్చింది. దాదాపు సర్జన్ కత్తి పెట్టినంత కచ్చితంగా నల్లవాళ్లను గురిపెట్టారు అంటూ కొట్టేసింది. తీర్పు మంచిదే. కానీ అప్పటికి మూడేళ్లు గడిచాయి, మధ్యలో 2014 ఎన్నిక అయిపోయింది. కాపలా లేకపోతే ఏమవుతుందని ఇందాక చెప్పానో అదే అయింది.

ఇక్కడ మీలో కొందరికి ఒక ప్రశ్న వచ్చి ఉంటుంది. మనం కూడా ఓటరు కార్డు చూపించే ఓటేస్తాం కదా, కార్డు అడిగితే తప్పేంటి? అడగాల్సిన ప్రశ్నే.

మన దగ్గర ఎన్నికల సంఘం మనిషి ఇంటికొచ్చి పేరు రాసుకుంటారు. కార్డు ప్రభుత్వమే ఇస్తుంది. అది లేకపోతే ఉపాధి హామీ జాబ్ కార్డు చాలు, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్కు చాలు. కూలికెళ్లే మనిషి దగ్గర ఏముంటుందో ఆలోచించి రాసిన జాబితా అది. అమెరికాలో చాలాచోట్ల నమోదు పని ఓటరే చూసుకోవాలి, రూళ్లు ఒక్కో రాష్ట్రానిది ఒక్కో తీరు. టెక్సాస్ చట్టం తుపాకీ లైసెన్సును గుర్తింపుగా ఒప్పుకుంది. ప్రభుత్వ యూనివర్సిటీ విద్యార్థి కార్డును ఒప్పుకోలేదు. కార్డు అడగడం ఒక్కటే కాదు, ఎవరి జేబులో ఉండే కార్డు అడుగుతున్నారో చూడాలి.

[స్క్రీన్ మీద: జార్జియా, ఫోర్సైత్ కౌంటీ. ఇప్పటి కాలనీలు, బడులు.]

ఇదంతా వాళ్ల గొడవ, మనకెందుకు అనుకునేవాళ్లు ఈ చోటు చూడండి. అట్లాంటాకు ఉత్తరాన కమ్మింగ్ చుట్టుపక్కల. ఇక్కడ తెలుగు కుటుంబాలు బోలెడు. 1912లో ఈ కౌంటీ నుంచి వెయ్యిమందికి పైగా నల్లవాళ్లను, అంటే దాదాపు అందరినీ, భయపెట్టి తరిమేశారు. వాళ్ల పొలాలు, ఇళ్లు, చర్చీలు వదిలేసి పోయారు. తర్వాత దశాబ్దాల పాటు అది తెల్లవాళ్ల కౌంటీ. 1987 జనవరిలో ఒక చిన్న గుంపు అక్కడ శాంతియాత్ర చేస్తే రాళ్లు, సీసాలు విసిరారు. ఆ యాత్రకు ముందు నడిచింది ఎవరో కాదు, సెల్మా వంతెన మీద జాన్ లూయిస్ పక్కన నడిచిన ఆ హోసియా విలియమ్స్. వారం తిరిగేసరికి ఇరవై వేలమంది వచ్చి నడిచారు.

ఇంకొకటి. ఓటు హక్కు చట్టం వచ్చిన రెండు నెలలకు, 1965 అక్టోబర్ 3న, అదే జాన్సన్ కొత్త వలస చట్టం మీద సంతకం పెట్టారు. అంతకుముందు భారతదేశం మొత్తానికీ కోటా ఏడాదికి వంద మంది. రంగును బట్టి ఓటు ఆపడం తప్పయితే, పుట్టిన దేశాన్ని బట్టి తలుపు మూయడం ఎలా ఒప్పవుతుంది అన్న వాదనకు బలమిచ్చింది పౌరహక్కుల ఉద్యమమే. మన డాక్టర్లు, ఇంజినీర్లు ఆ తలుపులోంచే వెళ్లారు. ఆ వంతెన మీద దెబ్బలు తిన్నవాళ్లకు మనం ఎవరమో తెలియదు.

[స్క్రీన్ మీద: మళ్లీ అదే వంతెన. 2015 మార్చి 7.]

యాభై ఏళ్లు నిండిన రోజు. ఒబామా, జాన్ లూయిస్ చేతులు పట్టుకుని నడుస్తున్నారు. అదే వరుసలో, 2006లో సంతకం పెట్టిన బుష్ కూడా ఉన్నారు. ఇక్కడికి వందమంది కాంగ్రెస్ సభ్యులు వచ్చారు, వాషింగ్టన్‌కు వెళ్లి ఇంకో నాలుగొందల మందిని కూడగట్టి ఆ చట్టాన్ని తిరిగి నిలబెట్టండి అని ఒబామా అడిగారు. ఆయన పదవీకాలంలో అది జరగలేదు.

లూయిస్ 2020 జులై 17న చనిపోయారు. గుర్రపు బండి మీద ఆయన శవపేటికను చివరిసారి ఆ వంతెన దాటించారు, దారంతా గులాబీ రేకులు చల్లారు. మరుసటి ఏడాది ఆయన పేరుతో కాపలాను తిరిగి తెచ్చే బిల్లు ప్రతినిధుల సభలో 219–212 ఓట్లతో గెలిచి, సెనేట్‌లో ఆగిపోయింది. ఒకప్పుడు 98–0 అన్న సెనేట్‌లోనే.

వంతెన మీద పేరు ఇప్పటికీ ఎడ్మండ్ పెట్టస్‌దే. ఆయన బానిసత్వం కోసం యుద్ధం చేసిన దక్షిణాది సైన్యాధికారి.