సెల్ఫ్ తీసుకోని కారు, ఇంట్లో ఛార్జింగు

శ్రోతలకు నమస్కారం.

పండక్కి పిల్లలు వచ్చినప్పుడు తిరిగిన కారు, వాళ్లు హైదరాబాద్ వెళ్లిపోయాక నెలల తరబడి షెడ్డులోనే ఉండిపోతుంది. మన కోనసీమలో, భీమవరం వైపు పల్లెల్లో చాలా ఇళ్లలో ఇదే తంతు. కదలకపోయినా గడియారం, అలారం బ్యాటరీలోంచి కొద్దికొద్దిగా కరెంటు లాగుతూనే ఉంటాయి. ఓ రోజు ఆసుపత్రికి వెళ్దామని తాళం తిప్పితే సెల్ఫ్ తీసుకోదు. ఇంట్లో అందరికీ టెన్షన్.

ఛార్జరు తెచ్చుకుని దిగిపోయిన బ్యాటరీని ఇంట్లోనే ఛార్జింగుకి పెట్టుకోవచ్చు. నా భయమల్లా ఎక్కడ పెడుతున్నారనే. వాన పడుతోందని బ్యాటరీని పడకగదిలోకి తెచ్చి, తలుపులేసి, రాత్రంతా వదిలేసేవాళ్లున్నారు. దయచేసి అలా చేయకండి.

12 వోల్టులే కదా, షాక్ కొట్టదు అంటారు. బ్యాటరీ వరకు అది నిజమే. కానీ లోపల ఉన్నది సీసం పలకలు, గంధకామ్లం కలిసిన నీళ్లు. ఛార్జింగు చివరికొచ్చేసరికి, దాదాపు 14.4 వోల్టుల దగ్గర, ఆ నీళ్లు విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్ బుడగలు గట్టిగా లేస్తాయి. హైడ్రోజన్‌కి రంగూ లేదు, వాసనా లేదు. గాలిలో 4 శాతం చేరితే చాలు, నిప్పురవ్వకి అంటుకుంటుంది. బ్యాటరీ పేలితే యాసిడ్ సూటిగా మొహం మీదికి చిమ్ముతుంది. అందుకే జల్లు పడని, గాలాడే వసారాలో పెట్టండి. దేవుడి దీపం, అగరొత్తి, చుట్ట, పొయ్యి ఏవీ దగ్గర ఉండకూడదు.

రవ్వ బయటి నుంచే రానక్కర్లేదు. స్విచ్ వేసి ఉండగా క్లిప్పు పెట్టినా, లాగినా మన చేతిలోనే పుడుతుంది. ముందు ఎర్ర క్లిప్పు ప్లస్‌కి, తర్వాత నల్లది మైనస్‌కి, ఆ తర్వాతే స్విచ్. తీసేటప్పుడు మొదట స్విచ్ ఆపాలి. బ్యాటరీని కారు నుంచి విప్పాలంటే మైనస్ వైరు ముందు విప్పండి. ప్లస్ ముందు విప్పబోతే పానా కారు బాడీకి తగిలి మంట లేవచ్చు. ఉంగరాలు, గాజులు తీసి పక్కన పెట్టండి.

కరెంటు ఎంత పెట్టాలి? బ్యాటరీ సామర్థ్యంలో పదోవంతు. 35 ఆంపియర్ అవర్ అని రాసి ఉంటే 3.5 ఆంపియర్లు. పూర్తిగా దిగిపోయింది ఎక్కడానికి 10 నుంచి 12 గంటలు పడుతుంది. నిండగానే తనంతట తను ఆగే ఛార్జరైతే మేలు. పాతరకం ట్రాన్స్‌ఫార్మర్ ఛార్జరు ఆగదు, కాబట్టి దాన్ని పెట్టి నిద్రపోకండి.

మూతలున్న బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరే పోయాలి. సముద్రం దగ్గరి మన ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, అవి పలకల్ని తినేస్తాయి. ఛార్జింగుకి ముందు పలకలు మునిగేంత పోసి, మిగతాది ఛార్జింగు అయ్యాక గుర్తు వరకు నింపండి. ఉబ్బినదాన్ని, పగిలినదాన్ని, గోదారి వరదలో మునిగినదాన్ని అసలు ఛార్జింగుకి పెట్టొద్దు.

పక్కన బకెట్ నీళ్లు ఉంచుకోండి. కంట్లో యాసిడ్ పడితే నలపకుండా, 20 నిమిషాలు ధారగా నీళ్లు పోస్తూ కడిగి, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఛార్జింగు తీసేసి ఓ రాత్రి వదిలి, పొద్దున మీటరుతో చూడండి. 12.6 వోల్టులుంటే బాగున్నట్టే. 12.4 కంటే కిందికి జారితే ఓసారి బ్యాటరీ షాపులో లోడు పెట్టించి, అంటే ఎక్కువ కరెంటు లాగించి, చూపించండి.