పాత స్విమ్మింగ్ పూల్ గట్టు పగిలితే పైన టైల్స్ వేయొచ్చా?

(పూల్ పక్కన కాంక్రీట్ పగులు, బాగా దగ్గరగా. రూపాయి బిళ్ళ అందులోకి నిలువుగా దిగిపోతుంది.)

నమస్కారమండీ. చంద్రగిరి దగ్గర ఒక తోట ఇంట్లో ఉన్నాం. ఈ పూల్ కట్టి ఇరవై ఏళ్లు దాటింది. తొట్టి గట్టిగానే ఉంది, చుక్క నీరు కారడం లేదు. చుట్టూ ఉన్న గట్టే పగిలి, ఒక పక్కకు కుంగింది. ఇంటాయన నన్ను మొదట అడిగిన మాట, "అన్నా, దీని మీదే టైల్స్ వేసేస్తే సరిపోదా?"

సరిపోదు. ఎందుకో చూడండి.

(కుంగిన మూల పెళ్ల లేపుతారు. కింద చెయ్యి దూరేంత ఖాళీ.)

కింద మట్టే లేదు. పూల్ కట్టేటప్పుడు చుట్టూ తవ్వి, తర్వాత మట్టి పూడుస్తారు. దాన్ని పొరలు పొరలుగా తడిపి దిమ్మిస కొట్టకపోతే ఏళ్ల తరబడి దిగుతూనే ఉంటుంది. పగుళ్లలోంచి నీళ్లు పోతే మరీ తొందరగా దిగుతుంది. పైన ఎంత మంచి టైల్ వేసినా అదే చోట మళ్లీ పగులుతుంది. అందుకే మొత్తం తీసి, గ్రావెల్ పోసి, గట్టిపరిచి, ఆపైన 4 అంగుళాల కాంక్రీట్ వేయాలి.

పగలగొట్టే ముందు పూల్ అంచు వెంట కట్టర్‌తో కోసి గట్టును విడదీయండి. నేరుగా బ్రేకర్ (కాంక్రీట్ పగలగొట్టే మెషిన్) పెడితే ఆ అదురంతా పూల్ గోడకు తగులుతుంది. చెత్త పడుతుందని పూల్ ఖాళీ చేయొద్దు. 2021 నవంబర్‌లో తిరుపతి వీధులు ఏరులైపోవడం మీరు చూసే ఉంటారు. అలాంటి వానలకు భూమిలో నీళ్లు పైకొస్తే, ఖాళీ తొట్టిని కింది నుంచి తోస్తాయి. తొట్టి పగలొచ్చు, పైకి లేవనూ వచ్చు. నీళ్లు అలాగే ఉంచి టార్పాలిన్ కప్పండి.

కొత్త కాంక్రీట్ పడకముందే కింది పైపులు లీకవుతున్నాయేమో ప్రెషర్ టెస్ట్ చేయించండి. షాక్ కొట్టకుండా కాంక్రీట్‌లోని ఇనప చువ్వలు, స్టీల్ నిచ్చెన, మోటర్ బాడీ అన్నీ రాగి తీగతో ఒకటిగా కలిపించండి. ఇది ప్రాణాలతో పని, తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాలి.

(వేలితో పూల్ అంచుకూ గట్టుకూ మధ్య సందు చూపిస్తూ.)

నేను దగ్గరుండి చూసుకునేది ఈ అర అంగుళం సందే. మే నెలలో మన ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, కాంక్రీట్ సాగుతుంది. సాగడానికి చోటు లేకపోతే పూల్ అంచును నెడుతుంది, అంచు టైల్స్ ఊడిపోతాయి. పాత పనిలో చూడటానికి నీట్‌గా ఉండాలని ఈ సందును సిమెంటుతో పూడ్చేశారు. ఇక్కడ ఫోమ్ తాడు పెట్టి, రబ్బరులా సాగే సీలెంట్ నింపాలి. సిమెంట్ మాత్రం వద్దు, మేస్త్రీ ఎంత చెప్పినా వద్దు.

గట్టు వాలు పూల్ వైపు కాదు, బయటికి, అడుగుకు పావు అంగుళం. కొత్త కాంక్రీట్‌లో ఎనిమిది, పది అడుగులకొకసారి అంగుళం లోతు కోత, పగులు వచ్చినా ఆ గీత వెంటే వచ్చేలా.

పక్కనే చిత్తూరు జిల్లాలో గ్రానైట్ చేతికందుతుంది కాబట్టి చాలామంది నల్లరాయి పాలిష్ అడుగుతారు. తడిస్తే జారుతుంది, ఎండకు కాళ్లు కాలుతాయి. పిల్లలు పరుగెత్తే చోటు ఇది. లేత రంగు, బ్రష్ గీతల గరుకు ఫినిష్ వేయించండి.

(కొత్త కాంక్రీట్‌పై పరిచిన గోనె పట్టాల మీద నీళ్లు పోస్తున్నారు.)

కనీసం 7 రోజులు పట్టాలు ఆరనివ్వొద్దు. సీలెంట్ 28 రోజుల తర్వాత, సందు పొడిగా ఉన్నప్పుడే నింపుతాం.