ఆపరేషన్‌లో గుండెను ఐసులో పెడతారా?

[తెర మీద: ఎనుమాముల మార్కెట్ సమీపంలోని కోల్డ్ స్టోరేజీ, వరుసగా పేర్చిన మిర్చి బస్తాలు]

నమస్కారం. గుండె ఆపరేషన్‌కు సిద్ధమైనవారి ఇంటివాళ్లు మన వరంగల్ వైపు తరచుగా అడిగే మాట ఒకటుంది: "సారూ, గుండెను బయటికి తీసి ఐసుల పెడ్తరట, నిజమేనా?" కోల్డ్ స్టోరేజీలో నెలల తరబడి రంగు చెడకుండా ఉండే మిర్చిని చూస్తూ పెరిగినవారికి ఆ ఊహ రావడం సహజమే. అయితే గుండె మార్పిడిని మినహాయిస్తే, గుండెను బయటికి తీయరు. ఛాతీలో ఉన్నచోటనే దాన్ని ఆపి, చల్లబరుస్తారు. ఈ రెండింటిలో ఆపడమే ప్రధానం, చల్లదనం దానికి తోడు మాత్రమే.

కొట్టుకుంటున్న గుండెను తెరిచి కవాటాన్ని మార్చడం కష్టం కనుక, రక్తాన్ని హార్ట్ లంగ్ మెషీన్‌లోకి మళ్లించి, ఆక్సిజన్ కలిపి, తిరిగి శరీరానికి పంపుతారు. ఆ తర్వాత గుండె నుంచి రక్తాన్ని మోసుకెళ్లే పెద్ద ధమని అయిన బృహద్ధమనికి క్లాంప్ వేస్తారు, అంటే పట్టకారులాంటి పరికరంతో బిగించి మూసేస్తారు. ఆ క్షణం నుంచి శరీరమంతటికీ రక్తం అందుతుంది గానీ, గుండె కండరానికి మాత్రం అందదు. ఏ రక్షణా లేకుండా మామూలు వేడిలో అలాగే వదిలేస్తే, సుమారు 20 నిమిషాలు దాటాక కండరం కోలుకోలేనంతగా దెబ్బతినడం మొదలవుతుంది.

[తెర మీద: బృహద్ధమని మొదట్లో సన్నని గొట్టం, పక్కన మానిటర్]

అందుకే క్లాంప్ పడగానే, పొటాషియం ఎక్కువగా ఉన్న కార్డియోప్లీజియా అనే గుండెను ఆపే ద్రావణాన్ని, చాలాచోట్ల రోగి రక్తంతోనే కలిపి, సుమారు 4 డిగ్రీల చల్లదనంలో, గుండె కండరానికి రక్తాన్నిచ్చే కరోనరీ ధమనుల్లోకి పంపుతారు. పొటాషియం పెరిగేసరికి కండర కణాలు విద్యుత్ సంకేతాన్ని అందుకోలేవు. మానిటర్ మీద ఎగిసిపడుతున్న గీత కాసేపట్లోనే చదునైపోతుంది, బిగిసి కొట్టుకుంటున్న గుండె మెత్తబడి కదలిక లేకుండా ఉండిపోతుంది.

కొట్టుకునే గుండెలో 100 గ్రాముల కండరం నిమిషానికి 8 నుంచి 10 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకుంటుంది. మామూలు వేడిలోనే ఆపితే అది సుమారు 1 మిల్లీలీటరుకు పడిపోతుంది, 22 డిగ్రీలకు చల్లబరిస్తే 0.3కు దిగుతుంది. బోరు మోటరు ఆపేస్తేనే కరెంటు ఖర్చు తగ్గుతుంది కదా, ఇదీ అలాంటిదే.

చరిత్రలో మాత్రం చల్లదనమే ముందు వచ్చింది. 1950లో టొరంటోలో సర్జన్ బిగెలో శరీరాన్ని చల్లబరిచే పద్ధతిని కుక్కలపై చూపారు. 1952 సెప్టెంబర్ 2న అమెరికాలోని మిన్నెసోటాలో సర్జన్ జాన్ లూయిస్ ఆ పద్ధతితోనే ఐదేళ్ల పాప గుండెలోని రంధ్రాన్ని మూశారు. కానీ అలా దొరికే సమయం కొద్ది నిమిషాలే. 1955లో మెల్రోజ్ అనే వైద్యుడు పొటాషియం సిట్రేట్‌తో గుండెను ఆపారు, అయితే మోతాదు గాఢమై కండరానికి హాని జరగడంతో ఆ మార్గం వెనుకబడింది. 1970లలో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో పొటాషియం తగ్గించిన ద్రావణం రూపొందాకే అది మళ్లీ నిలదొక్కుకుంది.

ద్రావణం క్రమంగా కొట్టుకుపోతుంది, గుండె మళ్లీ వేడెక్కుతుంది. కనుక సాధారణంగా ప్రతి 20 నిమిషాలకు అటూఇటుగా మళ్లీ ఇస్తారు. డెల్ నిడో అనే మరో రకం ద్రావణమైతే ఒక్క మోతాదే గంటకు పైగా సరిపోవచ్చు. ధమనులు మూసుకుపోయినవారికి ఆ దారిలో ద్రావణం అన్ని మూలలకూ చేరదు కాబట్టి, గుండె సిరల వైపు నుంచి వెనక్కి కూడా పంపుతారు. ఈ వెనుకదారి రోగి బంధువులకు ఎవరూ చెప్పరు గానీ, చాలా సందర్భాల్లో కండరాన్ని కాపాడేది అదే.

ఇక ఐసు సంగతి. గుండె చుట్టూ మంచు పొడి వేసే అలవాటు చాలాకాలం ఉండేది, కొన్నిచోట్ల ఇప్పటికీ ఉంది. కానీ పక్కనే పోయే ఫ్రెనిక్ నరం ఆ చలికి దెబ్బతింటే, ఊపిరి తీసుకోవడానికి తోడ్పడే డయాఫ్రం కండరం సరిగా కదలక, రోగిని వెంటిలేటర్ నుంచి తప్పించడం ఆలస్యమవుతుంది. అందువల్ల చాలామంది సర్జన్లు దాన్ని తగ్గించారు. అది సరైన నిర్ణయమని నేను నమ్ముతాను.

[తెర మీద: క్లాంప్ తీసిన తర్వాత మానిటర్]

పని ముగిశాక క్లాంప్ తీస్తారు. వెచ్చని రక్తం లోపలికి ప్రవహించి పొటాషియాన్ని కడిగేస్తుంది. చాలాసార్లు గుండె తనంతట తానే కొట్టుకోవడం మొదలుపెడుతుంది. కొన్నిసార్లు వణుకుతూనే ఉంటే, చిన్న పాడిల్స్‌తో 10 నుంచి 20 జౌళ్ల షాక్ ఇస్తారు. గుండె భారమంతా తానే అందుకునే వరకు, హార్ట్ లంగ్ మెషీన్‌ను నడిపే పర్‌ఫ్యూజనిస్ట్ దాని ప్రవాహాన్ని కొద్దికొద్దిగా తగ్గిస్తూ ఆ గీత మీది నుంచి చూపు మరల్చరు.