ముందు ఆంప్ సంగతేంటో చెప్పు, పెడల్ సంగతి తర్వాత

హోస్ట్: రికార్డింగ్ మొదలైంది అన్నా. ఈ ఎపిసోడ్‌కి కారణం నేనే, ముందే ఒప్పేసుకుంటున్నా. పోయిన నెల ఒక డిస్టార్షన్ పెడల్, అదే గిటార్ శబ్దాన్ని పగలగొట్టి గరగరలాడించే కాలి డబ్బా, కొన్నాను. కొనే ముందు ఎన్ని వీడియోలు చూశానో లెక్కలేదు, ప్రతి దాంట్లోనూ అదిరిపోయింది. తీరా తెచ్చి నా ఆంప్‌కి, అదే గిటార్ యాంప్లిఫయర్‌కి, తగిలిస్తే రేకు డబ్బాలో కందిరీగల్ని వేసి ఊపినట్టుంది.

గెస్ట్: (నవ్వు) కందిరీగలా! సరే, నీది ఏ రకం ఆంప్?

హోస్ట్: చిన్న సాలిడ్ స్టేట్, ట్యూబులు లేని ట్రాన్సిస్టర్ రకం. క్లీన్, అంటే పగలని మామూలు శబ్దం, మాత్రం చాలా బాగుంటుంది.

గెస్ట్: మరి ఆ వీడియోల్లో వాళ్లు దేంట్లో వాయించారు?

హోస్ట్: అది... చూడలేదన్నా. పెడల్ వంకే చూస్తూ కూర్చున్నా.

గెస్ట్: నేనూ చాలా ఏళ్లు అంతే. ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నట్టు పెడల్ మీద పెడల్ మార్చాను. పెడల్ నుంచి వచ్చేది సగం వండిన శబ్దం అనుకో, మిగతా సగం ఆంప్, స్పీకర్ కలిసి చేస్తాయి. గిటార్ స్పీకర్లు సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటాక పై శబ్దాన్ని గబగబా తగ్గించేస్తాయి. అందుకే అదే పెడల్‌ని స్పీకర్ లేకుండా నేరుగా కంప్యూటర్‌లోకి ఇస్తే జుయ్‌మని గీరుతుంది, అప్పుడు స్పీకర్ పెట్టెని అనుకరించే క్యాబినెట్ సిమ్యులేషన్ పెట్టాల్సి వస్తుంది.

హోస్ట్: అంటే నా పెడల్ మంచిదేనా?

గెస్ట్: ఆగు, తీర్పు అప్పుడే వద్దు. నేను ఎవరికైనా రెండే ప్రశ్నలు వేస్తా. నీ ఆంప్‌లో మిడ్స్, అంటే కింది బాస్‌కీ పై ట్రెబుల్‌కీ మధ్య శబ్దాలు, ఎంతున్నాయి? వాల్యూమ్ పెంచితే ఎంతవరకు క్లీన్‌గా ఉంటుంది? ఫెండర్ ట్విన్ రివర్బ్ ఆంప్ తీసుకో. 1963లో వచ్చింది, 85 వాట్లు, దాని శబ్దం పగలాలంటే ముందు చెవులు పగలాలి. పైగా ఆ రకం ఫెండర్లలో మిడ్స్ సహజంగానే లోపలికి పోయి ఉంటాయి. ట్యూబ్ స్క్రీమర్ అనే పచ్చ ఓవర్‌డ్రైవ్ పెడల్ దానికి సరిగ్గా ఉల్టా, 720 హెర్ట్జ్ చుట్టుపక్కల ఎత్తి, కింద బాస్ కోసేస్తుంది. గుంట ఉన్నచోట గుట్ట వచ్చి కూర్చుంటుంది. బ్లూస్ గిటారిస్ట్ స్టీవీ రే వాన్ ఫెండర్ల ముందు ట్యూబ్ స్క్రీమర్ పెట్టుకుని వాయించాడంటే ఊరికే కాదు.

హోస్ట్: మరి అందరూ అదే కొనేస్తే గొడవ వదిలిపోతుందిగా?

గెస్ట్: వదలదు. మిడ్స్ ఇప్పటికే ముందుకొచ్చి ఉన్న మార్షల్ రకం ఆంప్‌లో దాని గెయిన్, అంటే శబ్దాన్ని పగలగొట్టే జోరు, పెంచితే ముక్కుతో పాడినట్టుంటుంది. కానీ అక్కడే దానికి ఇంకో పని ఉంది. ఇదిగో, నాది మాస్టర్ వాల్యూమ్ ఉన్న హై గెయిన్ ఆంప్, గెయిన్ 6 మీద ఉంది. ముందు పెడల్ లేకుండా ఆరో తీగ అరచేత్తో నొక్కి కొడతా.

[గిటార్: మందంగా, కాస్త సాగుతున్న శబ్దం]

హోస్ట్: బాగానే ఉంది, కానీ బురదలో నడుస్తున్నట్టుంది.

గెస్ట్: ఆ తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. అంత బాస్ ఆంప్ లోపల పగిలినప్పుడు వచ్చేది బురదే. ఇప్పుడు పెడల్ వేస్తున్నా. డ్రైవ్, అంటే పెడల్ గెయిన్, సున్నా, లెవెల్ దాదాపు ఫుల్, టోన్ మధ్యలో.

[గిటార్: అదే వరస, ఈసారి టకటకమని తెగుతూ]

హోస్ట్: ఓహ్! గెయిన్ పెరగలేదు, కానీ ఒక్కో దెబ్బ విడిగా వినిపిస్తోంది.

గెస్ట్: డ్రైవ్ సున్నా మీద ఉంది కాబట్టి పగలగొట్టే పని అంతా ఆంప్‌దే. పెడల్ ముందే బాస్ తగ్గించి మిగిలినదాన్ని గట్టిగా లోపలికి తోస్తోంది, అంతే. మెటల్ వాయించేవాళ్ల దగ్గర ఈ పచ్చ డబ్బా ఎందుకుంటుందని చాలామందికి అనుమానం. డిస్టార్షన్ కోసం కాదు, శుభ్రం కోసం.

హోస్ట్: ఓవర్‌డ్రైవ్‌కి, డిస్టార్షన్‌కి తేడా ఏంటన్నా, డబ్బా మీద రాసిన పేరేనా?

గెస్ట్: పేర్లని పెద్దగా నమ్మకు. లోపల శబ్దం కొనల్ని కత్తిరించే డయోడ్లు ఎక్కడున్నాయన్నది ముఖ్యం. ట్యూబ్ స్క్రీమర్‌లో అవి ఆప్ ఆంప్ అనే సిగ్నల్ పెంచే చిప్ ఫీడ్‌బ్యాక్ దారిలో ఉంటాయి, పగిలిన శబ్దంతో పాటు అసలు శబ్దం కూడా కొంత బయటికి వస్తుంది, అందుకే మెత్తగా ఉంటుంది. బాస్ కంపెనీ డీఎస్-1 పెడల్‌లోనో, ప్రోకో ర్యాట్ పెడల్‌లోనో డయోడ్లు సిగ్నల్‌ని గ్రౌండ్‌కి లాగుతాయి, కొన ఎక్కడ దాటితే అక్కడ కత్తిరింపే. ఈ రెండో రకం క్లీన్ ఆంప్ ముందు కూడా సొంతంగా నిలబడుతుంది, మొదటి రకానికి కాస్త పగలడానికి సిద్ధంగా ఉన్న ఆంప్ దొరికితే పండగ.

హోస్ట్: ర్యాట్ ఫిల్టర్ నాబ్ ఉల్టా తిరుగుతుందటగా?

గెస్ట్: అవును, కుడికి తిప్పితే ట్రెబుల్ తగ్గుతుంది. వాక్స్ ఏసీ30 ఆంప్ కట్ నాబ్ కూడా అంతే. ఆ రెండూ కలిపి వాడిన రోజు నేను అరగంట పిచ్చోడిలా తిప్పాను, పెంచుతున్నా అనుకున్న ప్రతిసారీ మొద్దుబారుతోంది! ఏసీ30 మాట వచ్చింది కాబట్టి, అలాంటి ఆంప్‌లు ఒక హద్దు దాటాక ఇంకా గట్టిగా మోగవు, ఇంకా పగులుతాయి. అక్కడ భారీ డిస్టార్షన్ పెడితే గందరగోళమే. పై శబ్దాన్ని ఎత్తే చిన్న ట్రెబుల్ బూస్టర్ చాలు. క్వీన్ బ్యాండ్ గిటారిస్ట్ బ్రయన్ మే ఏసీ30ల ముందు అదే పెట్టుకున్నాడు.

హోస్ట్: బిగ్ మఫ్ మీద, అదే బాగా గరగరలాడే ఫజ్ పెడల్, నాకు ఎప్పటి నుంచో మోజు.

గెస్ట్: మోజు పడు, కానీ దాని మిడ్స్ గుంట అని గుర్తుపెట్టుకో. నా దగ్గర అలాంటి ఫజ్ ఒకటి ఉండేది. గదిలో వాయిస్తే గోడలు కదిలేవి. బ్యాండ్‌తో మొదటి ప్రాక్టీస్‌లో మాత్రం సోలో మొదలవగానే డ్రమ్మర్ నా వంక చూసి "వాయించడం లేదా?" అని అడిగాడు. వేళ్లు నొప్పి పుట్టేలా వాయిస్తున్నా నేను! గుంట ఉన్న ఆంప్‌లో గుంట ఉన్న పెడల్, పైన సింబల్స్, కింద బేస్ గిటార్, నాకు చోటెక్కడుంది? అదే పెడల్‌ని మిడ్స్ ఉన్న ఆంప్‌కి తగిలిస్తే మళ్లీ మనిషిలో పడింది.

హోస్ట్: (నవ్వు) గదిలో బాగుండి అక్కడ ఎందుకు పోయింది మరి?

గెస్ట్: కొంత చెవి మాయ కూడా ఉంది. చిన్న వాల్యూమ్‌లో మన చెవికి బాస్, ట్రెబుల్ తక్కువ వినిపిస్తాయి. ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. అందుకే రాత్రిపూట మెల్లగా వాయిస్తూ బాస్, ట్రెబుల్ పెంచుకుంటాం, అవే నాబ్‌లతో గట్టిగా వాయిస్తే కింద గుయ్, పైన కీచ్. ఏ పెడల్ అయినా నువ్వు నిజంగా వాయించే వాల్యూమ్‌లోనే పరీక్షించు.

హోస్ట్: సరే, ఇక నా కందిరీగల కథ.

గెస్ట్: సాలిడ్ స్టేట్ అంటే తిట్టేవాళ్లతో నేను ఏకీభవించను. రోలాండ్ జేసీ-120, 1975 నుంచి ఉంది, దాని క్లీన్ వింటే ఎవరైనా పడిపోతారు. ఇబ్బందేంటంటే అది పైశబ్దాన్ని కూడా అంతే నిజాయితీగా బయటపెడుతుంది, పెడల్ ఇచ్చిన గీర కూడా దాక్కోదు. నీ నాబ్‌లు ఎలా ఉన్నాయి?

హోస్ట్: బాస్ 8, ట్రెబుల్ 7, మిడ్స్ 3. బ్రైట్ స్విచ్ ఆన్.

గెస్ట్: బ్రైట్ ఆనా! ముందు అది ఆపు. ట్రెబుల్ 4, బాస్ 5, మిడ్స్ 6కి తీసుకురా. పెడల్ టోన్ నాబ్ గడియారంలో 9 దగ్గర పెట్టు, గెయిన్ ఇప్పుడున్నదాంట్లో సగం చేసి, తగ్గిన శబ్దం లెవెల్‌తో తెచ్చుకో. ఊఁ, కానీ.

[గిటార్: రెండు స్వరాల పవర్ కార్డ్‌లు]

హోస్ట్: ఇదేంటి... ఇది నా పెడలేనా?

గెస్ట్: కందిరీగలు పోయాయా?

హోస్ట్: ఒకటో రెండో ఉన్నాయి.

గెస్ట్: ఉండనీ, డిస్టార్షన్ కదా. ఇంకా గుచ్చుతుంటే గిటార్ టోన్ నాబ్ ఒకటిరెండు అంకెలు తగ్గించు, అదొకటి ఉందని మనం మర్చిపోతాం.

హోస్ట్: పెడల్‌ని ఎఫెక్ట్స్ లూప్‌లో, అంటే ఆంప్ సర్క్యూట్ మధ్యలో, పెడితే?

గెస్ట్: డిస్టార్షన్ అయితే ఆంప్ ముందే, ఇన్‌పుట్‌లోనే. లూప్ డిలే, రివర్బ్‌కి వదిలేయ్. ఫజ్ ఫేస్ లాంటి ఫజ్ పెడల్ అయితే ఇంకా ముందుకి, గిటార్ పక్కనే, మధ్యలో బఫర్, అంటే సిగ్నల్‌ని నిలబెట్టే సర్క్యూట్, వస్తే దాని స్వభావమే మారిపోతుంది.

హోస్ట్: అయితే దీన్ని అమ్మేద్దామనుకున్నా, ఆపేస్తున్నా.

గెస్ట్: అమ్మకు. రేపు దాన్ని, నీ గిటార్‌ని పట్టుకుని నా దగ్గరికి రా, నా ఆంప్‌కి తగిలించి చూద్దాం. అక్కడ బాగుంటే మాత్రం నాకే ఇచ్చేయాలి.

హోస్ట్: ఇవ్వను పో. రికార్డింగ్ ఆపుతున్నా.