ఆపే అధికారం ఎవరిది?

మిత్రులారా, ఈ గదిలో ఉన్నవాళ్లలో చాలామంది త్వరలో గుర్రపు స్వారీ ఎండ్యూరెన్స్ పోటీలు, అంటే ఒక్కరోజులో చాలా దూరం సాగే పోటీలు, నడపబోతున్నారు. అందుకే నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతాను.

160 కిలోమీటర్ల పోటీ. మూడో విరామ కేంద్రానికి గోధుమ రంగు ఆడ గుర్రం ఒకటి వచ్చింది. రౌతు దిగి జీను విప్పారు. మెడ మీద చన్నీళ్లు పోయడం, అవి వేడెక్కేలోపే అరచేత్తో తుడిచేసి మళ్లీ పోయడం. గుండె వేగం తగ్గడానికి ఇచ్చిన గడువు ముగుస్తుండగా పశువైద్యురాలు దాని ముంగాలి మోచేతి వెనక స్టెతస్కోపు పెట్టారు. ఆ పోటీలో గుండె వేగం నిమిషానికి 64 దాటకూడదు. 67 వచ్చింది. పెదవి ఎత్తి చిగుళ్ల మీద బొటనవేలితో నొక్కి వదిలితే, పాలిపోయిన చోటు మళ్లీ ఎరుపెక్కడానికి మూడు సెకన్లు పట్టింది, ఒంట్లో నీరు తగ్గిందనడానికి అది గుర్తు. డొక్కలో పేగుల చప్పుడు దాదాపు లేదు. "ఇక్కడితో ఆపేయండి" అన్నారామె.

రౌతు నా వైపు తిరిగారు. "నిర్వాహకులు మీరు కదండీ. జనాన్ని చూసి బెదిరింది, అంతే. ఇంకో ఐదు నిమిషాలు ఇప్పించండి" అన్నారు. నేను "చూద్దాం" అన్నాను. ఆ ఒక్క మాటతో వైద్యురాలి తీర్పు బేరానికి వచ్చింది. పావుగంట వాదనకే సరిపోయింది. ఆ పావుగంటలో గుర్రానికి సెలైన్ ఎక్కుతూ ఉండాల్సింది. గుర్రం బతికింది, కానీ అది నా పుణ్యం కాదు.

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్లతో నడుస్తుందని సామెత. సుదూర పోటీలో జరిగేది దీనికి పూర్తిగా ఎదురు. గుర్రం మందతో కదిలే జంతువు. ముందు ఇంకో గుర్రం పోతుంటే ఒంట్లో సత్తువ అయిపోయినా వెంట పోతూనే ఉంటుంది. పైగా దాని చెమటలో ఉప్పు మనిషి చెమటలో కన్నా చాలా ఎక్కువ. నీటితోపాటు ఉప్పు కూడా పోవడం వల్ల రక్తంలో ఉప్పు పాళ్లు పెరగవు, మెదడుకు దాహపు కబురు అందదు. ఎండిపోతున్న గుర్రం నీళ్ల తొట్టి ముందు తల తిప్పుకోవడం నేను కళ్లారా చూశాను. రౌతుకు గెలవాలన్న తపన, గుర్రానికి మంద వెంట పోయే స్వభావం. ఇద్దరికీ ఆగడం తెలియని చోట ఆపడానికి మూడో మనిషి కావాలి.

ఈ ఆటను మొదలుపెట్టినవాళ్లకు ఇది తెలుసు. 1955లో వెండెల్ రోబీ, ఆయన సహచరులు కాలిఫోర్నియాలోని ఆబర్న్‌కు 100 మైళ్ల దూరం గుర్రాల మీద ఒక్కరోజులో చేరుకున్నారు. టెవిస్ కప్‌గా పేరుపడ్డ ఆ పోటీలో నేటికీ గమ్యం చేరితే చాలదు, గుర్రం ఇంకా ముందుకు సాగగల స్థితిలో ఉందని పశువైద్యులు తేల్చాలి.

2018లో అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రంలో, ట్రయాన్‌లో గుర్రపు స్వారీ ప్రపంచ పోటీలు జరిగాయి. అందులోని ఎండ్యూరెన్స్ పోటీ మొదలయ్యేటప్పుడే కొందరిని తప్పుదారిలో పంపారు. పోటీని ఆపి, దూరం 120 కిలోమీటర్లకు కుదించి మళ్లీ మొదలుపెట్టారు. తర్వాత ఎండ, ఉక్కపోత కలిసి ప్రమాదకరంగా మారడంతో మధ్యలోనే రద్దు చేశారు. యాభైకి పైగా గుర్రాలకు చికిత్స అవసరమైంది. రౌతులు మండిపడ్డారు. నా మటుకు ఆ రద్దు నిర్ణయం సరైనదే. దారి చూపడంలో జరిగిన పొరపాటు మాత్రం ఏ వాతావరణం మీదా నెట్టలేనిది.

ఇక బాధ్యత సంగతి. ప్రమాదం జరిగితే దావా వేయబోమన్న హామీ పత్రం మీద రౌతుల చేత సంతకం చేయించుకుంటే ఇక భయం లేదని చాలామంది నిర్వాహకుల నమ్మకం. ఆ నమ్మకం ప్రమాదకరం. అమెరికాలో 1989లో వాషింగ్టన్ రాష్ట్రం గుర్రపు కార్యక్రమాల నిర్వాహకులకు రక్షణనిచ్చే చట్టం తెచ్చింది, చాలా రాష్ట్రాలు అదే బాట పట్టాయి. పొదలోంచి పక్షి లేస్తే గుర్రం బెదరడం, రాయి తగిలి తూలడం వంటి సహజమైన ప్రమాదాలకే ఆ రక్షణ. తెగిపోయే జీను పట్టీ ఇచ్చి చట్టం చాటున దాక్కోలేం. బ్రిటన్‌లో 1977 నాటి చట్టం వచ్చినప్పటి నుంచీ, వ్యాపారంగా నడిపే కార్యక్రమాల్లో నిర్లక్ష్యం వల్ల కలిగే మరణానికీ గాయానికీ బాధ్యతను ఏ పత్రంతోనూ తప్పించుకోలేరు. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు కూడా ఘోర నిర్లక్ష్యాన్ని సంతకంతో మాఫీ చేయించుకోలేరని 2007లో చెప్పింది.

"ఇది ప్రమాదమని చెప్పి ఆపితే, ప్రమాదం నాకు తెలుసని నేనే ఒప్పుకున్నట్టు కదా" అని ఒక నిర్వాహకుడు నన్ను అడిగారు. తెలిసీ ఊరుకుంటేనే కదండీ న్యాయస్థానంలో జవాబు దొరకనిది!

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇంకొకటి ఉంది. గుర్రాన్ని ప్రతి విరామంలోనూ తల నుంచి గిట్టల దాకా పరీక్షిస్తాం. కింద పడి హెల్మెట్ పగిలిన రౌతు "నాకేం కాలేదు" అంటే చాలు, మళ్లీ ఎక్కనిస్తాం. తలకు దెబ్బ తగిలినవాడి మాటను తలకు దెబ్బ తగలనివాడి మాటలా నమ్ముతున్నాం. చిన్న పోటీల్లో ఆ రౌతును ఆపే అధికారం ఎవరిదో రాసి కూడా ఉండదు.

కాబట్టి మీ పోటీకి ముందే ఒక కాగితం సిద్ధం చేయండి. గుర్రాన్ని ఎవరు ఆపుతారు, రౌతును ఎవరు ఆపుతారు, ఎండ ముదిరితే దూరాన్ని ఎవరు తగ్గిస్తారు, ఆ మనిషి అందుబాటులో లేకపోతే ఆ స్థానంలో ఎవరు, అన్నీ పేర్లతో సహా రాయండి. ముందురోజు సాయంత్రం రౌతులందరి ముందూ చదివి వినిపించండి. ఆపిన ప్రతిసారీ సమయం, కారణం నమోదు చేయండి. పశువైద్యుడు ఆపమన్నాక ఎవరైనా మీ బల్ల దగ్గరికి వస్తే, ఆ కాగితం చూపించి గుర్రాన్ని చికిత్స గుడారం వైపు నడిపించండి.