పాత రంపం పిడికి విరిగిన కొమ్ము అతికించడం

బల్ల మీద ఉన్నది డిస్‌స్టన్ డి-8 చేతిరంపం. ఫిలడెల్ఫియాలో హెన్రీ డిస్‌స్టన్ 1840లో మొదలుపెట్టిన కంపెనీది. రేకు నిక్షేపంలా ఉంది, పిడికి పై కొమ్మే, అంటే పైన పొడుచుకొచ్చే మొనే, లేదు. పాత రంపాల్లో ముందు పోయేది అదే. ఆ మొన దగ్గర చెక్క నార పొట్టిగా ఉంటుంది, రంపం జారి గచ్చు మీద పడితే పుటుక్కున విరుగుతుంది.

ముందు పిడి విప్పాలి. పళ్ల మీదికి చీల్చిన ప్లాస్టిక్ పైపు ఒకటి తొడగండి. ఇత్తడి నట్టు గాడిలో స్క్రూడ్రైవర్ మొన బిగుతుగా కూర్చోవాలి. వదులుగా ఉంటే గాడి పాడవుతుంది, అలాంటి నట్టు మళ్లీ దొరకడం కష్టం. బాగా పాతవాటిలో బోల్టు కొన నట్టు మధ్యలోంచి బయటికి కనిపిస్తుంది. వాటికి స్క్రూడ్రైవర్ మొన మధ్యలో ఆకురాయితో గాడి పెట్టుకోవాల్సిందే. ఏ బోల్టు ఏ రంధ్రంలోదో అట్టముక్కకు గుచ్చి పెట్టుకోండి.

ఇక అసలు పని, విరిగిన ముఖాన్ని చదును చేయడం. అతుకు నిలిచేదీ ఊడేదీ ఇక్కడే తేలుతుంది. ఆకురాయితో రుద్దకండి, అంచులు గుండ్రమైపోతాయి. గాజు పలక మీద 120 నంబరు సాండ్ పేపర్ అతికించండి. విరిగిన ముఖమంతా పెన్సిల్‌తో గీసి, పిడిని ఊపకుండా ఆ కాగితం మీద రుద్దండి. పెన్సిల్ గీతలన్నీ పోయాయంటే చదునైనట్టే. పిడినీ, అతికించబోయే కొత్త ముక్కనూ ఆనించి వెలుతురుకి ఎత్తి చూడండి, సందులోంచి వెలుగు రాకూడదు. అతికే ముఖం నారకి అడ్డంగా కాకుండా ఏటవాలుగా ఉండాలి. నార తెగిన కొన జిగురును పీల్చేసుకుంటుంది, అతుకు ఎండిపోయి బలహీనపడుతుంది.

కొత్త ముక్కకి ఏ కర్ర? పాత డిస్‌స్టన్ పిడులు చాలావరకు ఆపిల్ కర్రవి. అది దొరక్కపోతే టింబర్ డిపోల్లో అమ్మే స్టీమ్ బీచ్ (ఆవిరి పట్టిన బీచ్ కర్ర) సరిపోతుంది. టేకు వద్దు, అందులో నూనె ఉంటుంది, నార కూడా కలవదు. పిడి మందం సుమారు 22 మి.మీ., మీ ముక్క 25 మి.మీ. ఉండనివ్వండి. పిడి నార ఎటు పోతోందో ముక్క నారా అటే పోవాలి.

ముక్కను కొమ్ము ఆకారంలో ముందే కోయకండి! వంపు మీద క్లాంప్ నిలవదు, జారుతుంది. చతురస్రపు దిమ్మగానే అతికించండి. ఫెవికాల్ పల్చగా రాసి, అయిదు నిమిషాలు ఆగి, ఇంకో పూత వేసి, నాలుగైదు సార్లు ముందుకూ వెనక్కీ రుద్ది బిగించండి. మరీ బిగిస్తే జిగురంతా బయటికి కారిపోతుంది. క్లాంప్ లేదా? సైకిల్ ట్యూబు సన్నగా కోసి లాగి చుట్టండి. సూపర్ గ్లూ మాత్రం వాడొద్దు, పెళుసుగా ఎండుతుంది, తర్వాత ఫెవికాల్ కూడా పట్టనివ్వదు. కొమ్ముకి మేకు కొట్టినవాళ్ల సంగతి చెప్పకపోవడమే మేలు.

24 గంటలు ఆగాలి. జిగురు తేమకి అతుకు దగ్గర చెక్క ఉబ్బుతుంది. తొందరపడి సమం చేస్తే, ఆరాక అక్కడ గుంట పడుతుంది.

ముందు మందాన్ని చిత్రికతో పాత చెక్కకి సమం చేయండి. తర్వాత అదే మోడల్ పిడి నుంచి తీసిన అట్ట పెట్టి గీసి, కోపింగ్ రంపంతో (వంపులు కోసే సన్న రేకు రంపం) కోయండి. మూలలు అరగుండ్రం రాస్ప్‌తో (చెక్కకి వాడే ముతక పళ్ల ఆకురాయి) గుండ్రం చేసి, 120, 180, 220 కాగితాలు పట్టండి. పాత చెక్క మీద కాగితం పోనివ్వకండి, నూరేళ్ల రంగు ఒక్క రుద్దుకి పోతుంది.

తెల్ల ముక్కకి రంగు కావాలంటే పొటాషియం పర్మాంగనేట్ నీళ్లు రాయండి. ముందు ఊదాగా కనిపించి, కాసేపటికి గోధుమరంగుకి తిరుగుతుంది. చేతికి గ్లవ్స్ వేసుకోండి. పలచగా మొదలుపెట్టి, చాలకపోతే ఇంకో పూత వేయండి. పూర్తిగా ఆరాక షాపుల్లో 'బాయిల్డ్' అని అమ్మే అవిసె నూనె రెండు పూతలు. నూనె గుడ్డను ముద్దగా చేసి మూల పడేయకండి, దానంతటదే అంటుకుంటుంది. విప్పి ఆరేయండి, లేదా నీళ్లలో ముంచండి.

తిరిగి బిగించేటప్పుడు నట్లన్నీ కొంచెం కొంచెంగా, వంతులవారీగా తిప్పండి. రేకు కదలకపోతే చాలు. ఇంకో పావు చుట్టు తిప్పితే ఈసారి పగిలేది పిడి చెంప, అంటే నట్లు కూర్చునే పక్క భాగం.